లాకు వేశానక్కా

చిల్లకల్లు దగ్గర హైవే దిగి కంకర రోడ్డున లోపలికి వెళ్తే ఒక చిన్న ఊరు వస్తుంది. కృపావతిది ఆ ఊరే. మా వైపు ఆడవాళ్లు స్కూటీలు తోలతారు, ఆటోలు తోలేవాళ్లూ ఒకరిద్దరు ఉన్నారు. ట్రాక్టర్ తోలే ఆడమనిషి మాత్రం నాకు తెలిసి ఆమె ఒక్కతే.

ఆమె దాన్ని ముచ్చటపడి నేర్చుకోలేదు. భర్త బెన్ని మీసాలు రాకముందు నుంచే ఆసాముల ట్రాక్టర్లు తోలేవాడు. ఎన్నో ఏళ్లకు పాతదొకటి సొంతంగా కొనుక్కున్నాడు. కొన్న మరుసటి ఏడే నడుం పోయింది. నల్లరేగడి గడ్డల మీద ఎగిరెగిరి పడే సీటులో అన్నేళ్లు కూర్చుంటే వెన్నుపూసలు అరిగిపోయాయనీ, ఇక బండెక్కొద్దనీ డాక్టర్ చెప్పాడు. బెన్ని మంచం ఎక్కాడు. ట్రాక్టర్ రేకుల కొట్టంలో ఉండిపోయింది. బేరానికి ఒకరిద్దరు వచ్చారు కూడా. వాళ్లకు మంచినీళ్లిచ్చి సాగనంపి, కృపావతి లోపలికొచ్చి, "అమ్మొద్దయ్యా. నువ్వు కూర్చుని చెప్పు, నేను తోలతా" అంది.

బెన్ని నడుముకు బెల్టు బిగించుకుని, చేను గట్టున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆమె చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని సీటెక్కేది. మొదటిరోజే క్లచ్ ఒక్కసారిగా వదిలేసరికి ముందు చక్రాలు నేల విడిచి పైకి లేచాయి. బెన్ని కుర్చీలోంచి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడ్డాడు. చక్రాలు నేలకు దిగాక అతను తిట్టలేదు. "బండికి బలం ఉంది, బుర్ర లేదు. బుర్ర నువ్వు పెట్టాలి" అన్నాడంతే.

దున్నడం తొందరగానే పట్టుబడింది. వెనక ట్రక్కు తగిలించి రోడ్డెక్కడం దగ్గర మాత్రం బెన్ని తొందరపడనివ్వలేదు. ఉత్త ట్రక్కుతో తిప్పించాడు. సగం లోడుతో తిప్పించాడు. ట్రాక్టర్‌కు బ్రేకులున్నాయి గానీ వెనకున్న ట్రక్కుకు లేవనీ, లోడుతో ఉన్నప్పుడు అది వెనక నుంచి తోస్తూనే ఉంటుందనీ, దిగుడు కనపడగానే గేరు తగ్గించుకోవాలే తప్ప డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేస్తే ఇక అది ఎవరి మాటా వినదనీ చెప్పాడు. ట్రక్కుతో వెనక్కి రావాలంటే స్టీరింగ్ అనుకున్న వైపుకి కాకుండా ఎదురు వైపుకి తిప్పాలి. అది ఆమెకు ఎంతకీ చేతికి రాలేదు. పడుకున్నాక కూడా చేతులు గాల్లో తిప్పుకుంటూ ఉండేదని బెన్ని నవ్వుతూ చెబుతాడు. లైసెన్సుకు నందిగామ వెళ్లినప్పుడు అక్కడి ఆఫీసరు ఆమె వెనక మొగుడి కోసం చూశాడట. బండి నాదేనండి, పరీక్షా నాకేనండి అందట ఆమె.

బెన్ని అన్నిటికంటే గట్టిగా చెప్పింది బ్రేకు పెడళ్ల గురించి. ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చేలో సాలు చివర మలుపు తిప్పేటప్పుడు ఒక చక్రాన్నే ఆపాలి కాబట్టి అలా పెడతారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపి ఒకటి చేసే చిన్న ఇనప లాకు వేయాలి. అది వేయకుండా రోడ్డు మీద ఒక్క పెడల్ నొక్కితే ఒక చక్రం ఆగుతుంది, రెండోది ఆగదు. బండి ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. వెనక లోడుంటే ట్రక్కు వచ్చి మీద పడుతుంది. బెన్ని తోటి డ్రైవరొకడు అలాగే పోయాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా బెన్ని ఆమె చేత లాకు వేయించి, తీయించి, మళ్లీ వేయించేవాడు.

కృపావతి ఆ లాకును రోజూ చేత్తో తడిమి చూసుకునేది. ట్రక్కు పిన్నుకు క్లిప్పు ఉందో లేదో చూసుకునేది. కూలికి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం మడ్‌గార్డు మీద ఎక్కబోతే ఎక్కనిచ్చేది కాదు. అలిసిపోయాం, నీకేం పోయిందని వాళ్లు తిడితే, తిట్టుకోండి, నడుస్తూ తిట్టుకోండి అనేది. కొందరు నవ్వేవాళ్లు, కొందరు నిజంగానే కోపం పెట్టుకున్నారు. కానీ పత్తి బోరాలైనా, మొక్కజొన్నైనా, ఎవరింటి మంచాలూ సామానైనా ఆమె బండి మీద వేస్తే ఇంటికి చేరుతుందని ఊరంతా అనేది.

రూబెన్ ఆమె తమ్ముడు. తండ్రి పోయేనాటికి వాడింకా అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. తల్లి ఆదెమ్మ కూలికి పోతే వాణ్ణి ఎత్తుకు తిరిగిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నదీ కృపావతే. పెళ్లయ్యాక కూడా పక్క వీధిలోనే కాపురం కాబట్టి వాడు తల్లి దగ్గర కన్నా అక్క దగ్గరే ఎక్కువ తిన్నాడు. ఐటీఐ మధ్యలో వదిలేశాడు. జగ్గయ్యపేటలో సెల్‌ఫోన్ల కొట్లో చేరి అదీ వదిలేశాడు. ఒకరోజు వచ్చి, "అక్కా, నాకు బండి నేర్పు" అన్నాడు.

ఆమెకు అంతకన్నా సంతోషం ఏముంది? బెన్ని తనకు ఎలా నేర్పాడో అలాగే నేర్పింది. వాడు చురుకైనవాడు. ట్రక్కుతో వెనక్కి రావడం మూడోపూటకే వచ్చేసింది. చేతుల్లో కాస్త తొందర ఎక్కువ, అంతే. కనపడినవాళ్లందరికీ, మా అక్క దగ్గర నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేవాడు. అక్క రోడ్డు మీద లోడుతో వెళ్తే వాడు చేలో దున్నేవాడు. దున్నే పని లేనప్పుడు బైకు మీద వెనకే వచ్చి బస్తాలు దింపేవాడు.

నిరుడు మార్చిలో దగ్గర్లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లోడరు బండ్ల మీదికి డ్రైవర్లను తీసుకుంటున్నారని తెలిసింది. కాంట్రాక్టరు రూబెన్‌ను చూసి, బండి మీద ఎంతకాలంగా ఉన్నావు, ఎప్పుడైనా యాక్సిడెంటు చేశావా అని అడిగాడట. మా అక్క వచ్చి చెబుతుందండి అని వీడు అన్నాడట. కృపావతి తప్పకుండా వస్తానంది. ఆ వారమంతా వాడికి ఇష్టమైన చేపల పులుసు రెండుసార్లు వండింది.

అది జరిగింది ఆ వారంలోనే.

ఆ పొద్దున మొక్కజొన్న బస్తాలతో జగ్గయ్యపేట వెళ్లాలి. ముందురోజు బండి రూబెన్ చేతిలో ఉంది, చేలో దున్ని తెచ్చి కొట్టంలో పెట్టాడు. పెడళ్ల నిండా బురద మెత్తుకుని ఎండిపోయి ఉంది. ఆ చేనుకు నీళ్లు పెట్టారక్కా, కడగడానికి టైము లేకపోయిందన్నాడు. కృపావతి ట్రక్కు పిన్ను చూసుకుంది, టైర్లు చూసుకుంది. సీటెక్కి కిందికి వంగి పెడళ్ల వైపు చేయి చాపింది. బురద గడ్డకట్టి లాకు చేతికి తెలియలేదు.

"లాకేశావా?" అని అడిగింది.

"వేశానక్కా" అన్నాడు వాడు.

అయినా ఆమె ఎడమ పెడల్ ఒక్కటే కాలితో నొక్కి చూసింది. రెండూ కలిసే దిగాయి. సరే అనుకుని బయల్దేరింది.

హైవే సర్వీసు రోడ్డు పక్కన రోజారమణి ఇడ్లీ బండి ఉండేది. కృపావతికీ ఆమెకూ ఏళ్ల స్నేహం. లోడుతో ఆ దారిన వెళ్లినప్పుడల్లా కృపావతి అక్కడ ఆగి టీ తాగేది. రోజారమణి కాస్త పెద్దది కాబట్టి ఈమె రోజక్కా అనేది, ఆమె కృపా అనేది. ఆ రోజు కూడా అక్కడ ఆగాలనే కృపావతి వేగం తగ్గిస్తూ వస్తోంది. ముందు వెళ్తున్న ఆటో ఒకటి రోడ్డు పక్కన చేయెత్తిన మనుషుల కోసం ఉన్నట్టుండి ఆగిపోయింది. కృపావతి బ్రేకు గట్టిగా తొక్కింది.

ఏదో తెగిన శబ్దం ఆమెకు స్పష్టంగా వినిపించింది. కాలి కింద ఎడమ పెడల్ ఒక్కటే దిగింది. ఎడమ చక్రం బిగుసుకుపోయి ట్రాక్టర్ మూతి రోడ్డు పక్కకు తిరిగింది. వెనక ట్రక్కు తోసుకొచ్చి అడ్డంగా ఒరిగిపోయింది. బస్తాలు జారి ఇడ్లీ బండి మీద పడ్డాయి. రోజారమణి అటు తిరిగి పాత్ర మూత తీస్తోంది. ఇడ్లీ బండికీ వెనకున్న కల్వర్టు గోడకీ మధ్య ఆమె కాలు ఇరుక్కుపోయింది.

కృపావతికి దెబ్బ తగల్లేదు. ఆమె దూకి బస్తాలు లాగడం మొదలుపెట్టింది. రూబెన్ బైకు ఆపి పరుగెత్తుకొచ్చాడు. చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. రోజారమణిని ఆటోలో ఎక్కించి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని కృపావతి ముందు జగ్గయ్యపేటకూ అక్కణ్ణుంచి విజయవాడకూ వెళ్లింది. ట్రాక్టర్ దగ్గర రూబెన్ ఉండిపోయాడు. ఉండటమే మంచిదని ఆమే అనుకుంది.

రోజారమణి ప్రాణానికి భయం లేదన్నారు. కాలు మోకాలి కింద నుజ్జయింది, రాడ్లు వేశారు. ట్రాక్టర్‌కు ఇన్సూరెన్సు సక్రమంగా ఉండటంతో వైద్యానికి దారి దొరికింది. కృపావతి ఆస్పత్రిలోనే ఉండి, మంచం పక్కన కింద పడుకుని, ఆమెకు చేయాల్సినవన్నీ చేసింది. ఇంటికొచ్చాక పోలీస్ స్టేషన్‌కు రమ్మన్నారు. అక్కడ కానిస్టేబులు కాగితం చదివి వినిపించాడు. డ్రైవరు సెల్‌ఫోన్ మాట్లాడుతూ, బ్రేకు పెడళ్ల లాకు వేసుకోకుండా, అజాగ్రత్తగా తోలడం వల్ల ప్రమాదం జరిగిందని ఉంది. చూసి చెప్పిన సాక్షి ఎవరంటే రూబెన్.

ఆమె నమ్మలేదు. ఇంటికొచ్చి వాణ్ణే అడిగింది. "నేనట్టా అనలేదక్కా, వాళ్లు రాసుకున్నారు" అన్నాడు వాడు. ఆ మాట ఆమె నమ్మింది. వాళ్లకు చెప్పి సరిచేయించరా అంటే సరేనన్నాడు. వారం గడిచినా ఏమీ చేయలేదు. ఫ్యాక్టరీ పనుల్లో తిరుగుతున్నాడనుకుంది.

ఊరు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. ఆడదాని చేతికి ట్రాక్టర్ ఇస్తే ఇంతే అన్నారు. మడ్‌గార్డు ఎక్కనివ్వలేదని కోపం పెట్టుకున్నవాళ్లు, మాకు నీతులు చెప్పి తను ఫోన్లు మాట్లాడిందా అన్నారు. పని చెప్పడానికి వచ్చే రైతులు రావడం మానేశారు. అన్నిటికీ మించి రోజారమణి. ఫోన్ సంగతి ఎవరో ఆస్పత్రికి మోసుకెళ్లారు. ఆ తర్వాత కృపావతి వెళ్తే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం కలిపి పెడితే తినలేదు. రోజారమణి చెల్లెలు వచ్చి ఇక మీరు రావద్దండి అని మర్యాదగానే చెప్పింది.

బెన్ని ఒక్కడు మాత్రం ఆమె పక్కన నిలబడ్డాడు. ఫోన్ ఇంట్లో తన దగ్గరే ఉందని చెబితే, మొగుడు కాక ఇంకెవరు చెబుతారని కొట్టిపారేశారు. నువ్వు లాకు చూసుకోకుండా బండి తీయవు, ఇందులో ఏదో ఉంది అనేవాడు.

అధికారులు పైపైన చూసి వదిలేశాక బండిని నందిగామలో వీరేంద్ర షెడ్డుకు తీసుకెళ్లారు. బెన్ని కాలం నుంచీ ఈ ట్రాక్టర్ బాగుచేసేది అతనే. పెడళ్ల మీది బురద మెల్లగా గీకి, చాలాసేపు చూసి, కృపావతిని దగ్గరకు పిలిచాడు. లాకును పట్టి ఉంచే బోల్టు విరిగిపోయింది. కానీ విరిగిన సందులో చేని బురద గట్టిపడి ఉంది. రోడ్డు మీద యాక్సిడెంట్లో విరిగితే సందులో చేని బురద ఎక్కడిదక్కా, ఇది అంతకుముందే విరిగిందన్నాడు. రెండు పెడళ్ల కాడలకూ తీగ చుట్టి బిగించిన గాట్లు చూపించాడు. ఎవరో తీగతో కట్టి నడిపించారు, మెల్లగా నొక్కితే ఆగుద్ది, గట్టిగా తొక్కితే తెగుద్ది అన్నాడు.

"మరి ఆ తీగేది?" అంది కృపావతి.

"అదే నేనూ ఎతుకుతున్నా. తెగిన ముక్కైనా ఉండాలిగా. ఎవరో విప్పి తీసేశారు."

ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడవునా ఇంకెవరైనా అయి ఉంటారా అని ఆలోచించింది. బండి తన చేతిలో లేనప్పుడు ఉన్నది ఒక్కడి చేతిలోనే. తను రోజారమణితో ఆటో ఎక్కాక బండి దగ్గర మిగిలిందీ ఒక్కడే. అయినా ఇంటికి పోకుండా నేరుగా తల్లి దగ్గరికి వెళ్లింది. కాదని ఎవరైనా చెప్తే బాగుండుననుకుందట.

ఆదెమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అమ్మా, రూబెన్ బండి పెడళ్లకి తీగ చుట్టాడా?"

ఆదెమ్మ తలెత్తలేదు. ఒక గింజ తీసి పక్కన వేసింది. ఇంకోటి తీసింది.

"చెప్పమ్మా."

"చుట్టాడు" అంది చివరికి. "చేలో రాయికి కొట్టుకుని ఏదో ఇరిగిందంట. ఇక్కడే కూర్చుని తీగ కత్తిరించుకున్నాడు. అక్కకి చెప్పరా అన్నా. ఇప్పుడు చెప్తే బండి నా చేతికివ్వదు, కాంట్రాక్టరు దగ్గరకీ రాదు, ఆదివారం నేనే బాగుచేయిస్తా అన్నాడు."

"నువ్వన్నా నాకు చెప్పకపోయావా?"

"అంత పనవుద్దని నాకేం తెలుసు."

"అయినాక?"

ఆదెమ్మ చేతులు ఆగాయి. కాసేపటికి మెల్లగా నచ్చజెప్పే గొంతుతో మొదలుపెట్టింది. జరిగిందేదో జరిగింది. నీకు మొగుడున్నాడు, ఇల్లుంది. కేసులో నీ పేరున్నా ఫైను కడతావు, అయిపోద్ది. వాడి పేరు బయటికొస్తే ఉద్యోగం పోద్ది, రేపు పిల్లనెవరూ ఇవ్వరు. నువ్వు పెంచినోడే కదా, ఒక్కసారి ఓర్చుకో.

కృపావతి అంది. "రోజక్క నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకుంటంది. అది ఏ ఫైను కడితే పోద్దమ్మా?"

ఆ సాయంత్రం రూబెన్ వచ్చాడు. తల్లి చెప్పినట్టుంది, ఇంట్లోకి రాకుండా కొట్టం దగ్గరే నిలబడ్డాడు. కృపావతి బయటికి వెళ్లింది. వాడే ముందు మాట్లాడాడు. కావాలని చేశానా అక్కా, ఆదివారం దాకా ఆగుద్దనుకున్నా అన్నాడు.

"తీగ కట్టింది భయంతో అనుకుంటా. మరి తీగ ఎందుకు తీసేశావు?"

వాడు బైకు తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ఫోన్ మాట్లాడానని ఎందుకు చెప్పావు? వాళ్లు రాసుకోలేదు, నువ్వే చెప్పావు కదా."

"అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు రూబెన్.

ఆమెకు కోపం రాలేదట. ఎదురుగా ఉన్నవాణ్ణి చూస్తుంటే ఎవరో పొరుగూరి మనిషిలా అనిపించాడు. స్టేషన్‌కు పోయి ఉన్నదున్నట్టు చెప్పి రమ్మంది. ఫ్యాక్టరీలో చేరేది సోమవారమనీ, చేరాక చూద్దామనీ అన్నాడు. చేరాడు. అక్క వెళ్లి చెప్పకపోయినా కాంట్రాక్టరు తీసుకున్నాడు. తర్వాత అక్క వీధిలోకి రావడం మానేశాడు.

కృపావతి రోజారమణి ఇంటికి వెళ్లింది. అప్పటికి ఆమెను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చారు, మంచం మీదే ఉంది. ఈసారి వెళ్లగొట్టనివ్వకుండా గుమ్మంలో కూర్చుని, తీగ సంగతి, తల్లి చెప్పింది, అన్నీ చెప్పింది. రోజారమణి ముఖం తిప్పుకోకుండా విన్నది. విని నిదానంగా అంది.

"మీ తమ్ముడు ఆస్పత్రికొచ్చాడు కృపా, పండ్లు తీసుకుని. మా అక్క తప్పు చేసింది, అక్క తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా అని నా కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చాడు. ఇప్పుడు నువ్వొచ్చి తప్పంతా వాడిదంటన్నావు. నేనెవర్ని నమ్మాలి?"

తన పేరు చెప్పి, తను చేయని తప్పుకు, చేసినవాడు వెళ్లి క్షమాపణ అడిగి వచ్చాడు. ఏడ్చి మరీ వచ్చాడు. ఆమె లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగి, అసలు బండెక్కేటప్పుడు ఫోన్ తనతో ఉంచుకోననీ, ఆ రోజు కూడా అది ఇంట్లో బెన్ని దగ్గరే ఉందనీ అంది. నమ్ముతుందని కాదు, ఊరికే అనేసి వెళ్లిపోయింది.

రెండ్రోజుల తర్వాత రోజారమణి చెల్లెలు వచ్చి, అక్క మిమ్మల్ని రమ్మంటోందని చెప్పింది. వెళ్తే రోజారమణి మంచం మీద లేచి కూర్చుని ఉంది. ప్రమాదం జరిగిన పొద్దున తనే కృపావతికి ఫోన్ చేసిందట. వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మని చెప్పడానికి. ఎత్తింది బెన్ని. అది బండి మీద ఉందమ్మా, ఫోన్ నా దగ్గరుంది అన్నాడు. దెబ్బ తగిలాక ఆ పొద్దుటి సంగతులన్నీ చెదిరిపోయాయి. కృపావతి గుమ్మంలో అన్న మాటతో అది జ్ఞాపకం వచ్చింది.

"నిన్ను అన్నాళ్లు గోడకి తిరిగి పడుకుని ఏడిపించా" అంది రోజారమణి. కృపావతి ఆమె మంచం అంచున కూర్చుని, ప్రమాదం జరిగిన నాటి నుంచి మొదటిసారి ఏడ్చింది.

ఈ ఏడాది మొదట్లో కేసు జగ్గయ్యపేట కోర్టులో విచారణకు వచ్చింది. ఒప్పేసుకుంటే తేలిగ్గా పోతుందని అందరూ చెప్పారు. కృపావతి ఒప్పుకోనంది. రోజారమణి చేతికర్ర మీద నడుచుకుంటూ వచ్చి, ఫోన్ ఆ రోజు కృపావతి దగ్గర లేదనీ, తను చేస్తే భర్త ఎత్తాడనీ చెప్పింది. తర్వాత రూబెన్‌ను పిలిచారు. ఫ్యాక్టరీ యూనిఫాం చొక్కాలో వచ్చాడు. ప్రమాణం చేశాడు.

ఆ క్షణం దాకా తనకు ఆశ ఉందని కృపావతి అంటుంది. రోజక్క అంత మాట చెప్పాక, అందరి ఎదుటా, వాడు నిజం చెప్పేస్తాడనుకుంది. వాణ్ణి చూస్తూ కూర్చుంది. వాడు ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఫోన్ మాట్లాడటం మీరు చూశారా అంటే, దూరం నుంచి చూశానండి, సరిగా గుర్తులేదండి అన్నాడు. పెడళ్లకు తీగ కట్టింది మీరేనా అని ఆమె లాయరు అడిగితే, తీగ సంగతి నాకు తెలీదండి అన్నాడు. దిగి వెళ్లిపోయాడు. ఆదెమ్మ కోర్టు వరండాలో కూర్చుని ఉంది. కొడుకు బయటికి రాగానే వాడికి మంచినీళ్ల సీసా అందించింది.

కొన్నాళ్లకు లోక్ అదాలత్‌లో రోజారమణి రాజీకి ఒప్పుకుంది, కేసు మూసేశారు. ఫోన్ మాట అబద్ధమని ఊళ్లో తెలిసింది. తీగ మాట మాత్రం కొందరు నమ్మారు, కొందరు అక్కాతమ్ముళ్ల గొడవన్నారు. పని చెప్పే రైతులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వీరేంద్ర కొత్త బోల్టు వేసిచ్చాడు. కృపావతి ఇప్పుడు ముందురోజు తనే తోలినా సరే, పెడళ్లు కడిగి కళ్లతో చూస్తే గానీ బండి కదిలించదు. ఇంకెవరికీ బండి ఇవ్వదు. బెన్ని దానికి బాధపడతాడు. నేర్పడం మానొద్దంటాడు. ఆమె వినదు. రోజారమణి తన బండిని రోడ్డుకు బాగా లోపలగా, పెట్రోలు బంకు గోడ పక్కకు మార్చుకుంది. కృపావతి అక్కడ ఆగుతుంది. వాళ్లిద్దరూ మునుపటిలాగే మాట్లాడుకుంటారు గానీ, రోజారమణి లేచి నిలబడేటప్పుడు మాత్రం కృపావతి చూపు పక్కకు తిప్పుకుంటుంది.

మొన్న మేలో రూబెన్ పెళ్లి జరిగింది. ఆదెమ్మ వచ్చి ఇంటి ముందు కూర్చుంది. నువ్వు రాకపోతే పెళ్లిలో నా ముఖం ఎట్టా చూపించుకోవాలి అంది. కృపావతి రాననలేదు, వస్తాననలేదు. అన్నం పెట్టి పంపింది. పెళ్లిరోజు బెన్నితో పాటు ఆటోలో వెళ్లి పిల్లవాళ్ల ఊరి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంది. పిల్ల చక్కగా ఉంది. ప్రార్థనలయ్యాక అందరూ షామియానా వైపు కదిలారు. కృపావతి ఆటో వైపు నడిచింది.

రూబెన్ సూటులోనే పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, భోంచేసి పో."

ఆమె ఆగింది. వాడి కోటు మీద ఎవరో చల్లిన రంగుకాగితాల ముక్కలున్నాయి. పాత అలవాటున వాటిని దులపడానికి చేయెత్తబోయి దించేసుకుంది.

"తీగ కట్టావు. భయపడ్డావనుకున్నా. ఫోన్ అన్నావు, కోర్టులో గుర్తులేదన్నావు. అవి ఎప్పటికైనా పోతాయేమో, నాకు తెలీదు" అంది. "కానీ రోజక్క దగ్గరికి నా పేరు చెప్పుకుని పండ్లు పట్టుకెళ్లావు చూడు. అది మాత్రం నేను ఎన్ని రకాలుగా సర్దుకుందామన్నా సర్దుకోలేకపోతన్నా."

వాడు ఏదో అనబోయాడు. ఫొటోకు రమ్మని లోపల్నుంచి పిలుస్తున్నారు. వాడు అటూ ఇటూ చూసి, "మళ్లీ మాట్లాడదాంలే అక్కా" అని వెళ్లాడు.

ఆదెమ్మ ఈలోపే ఒక క్యారేజీలో బిర్యానీ పెట్టించి తెచ్చి, ఆటో సీటు మీద ఉంచింది. కృపావతి దాన్ని తీసి తిరిగి ఇవ్వలేదు. బెన్ని క్యారేజీని ఒళ్లో పెట్టుకుని, నడుం సర్దుకుని కూర్చున్నాడు. పోనీయమని ఆటో అబ్బాయితో చెప్పాడు. చిల్లకల్లు దగ్గర ఆటో కంకర రోడ్డులోకి దిగాక, కుదుపులకు అతని నడుముకు బరువవుతుందని కృపావతి క్యారేజీని తన ఒళ్లోకి తీసుకుంది.